శబ్దం జాబితాలో పేర్లు

మా అక్క రవికలు కుట్టే మనిషి. చూపు పోవడంతో ఆ పనీ పోయింది. ఎమ్మిగనూరులో మగ్గాల సంఘం వాళ్ల గదిలో ఒక కంప్యూటరు ఉంది. తెర మీద ఉన్నదాన్ని అది చదివి వినిపిస్తుంది, నొక్కిన అక్షరాన్ని పలుకుతుంది. తప్పుల్లేకుండా టైపు చేయడం వస్తే సంఘం ఆఫీసులోనే పని ఇస్తామన్నారు. అక్కకు అంతకుమించి వేరే దారి కనిపించలేదు.

కొన్నాళ్లు బాగానే నేర్చుకుంది. ఒకరోజు ఆదోనిలో నా దుకాణంలో ఉండగా ఫోన్ చేసింది.

“అది పలకతా లేదప్పా. నేను ఏం నొక్కుతాండానో నాకే తెలీడం లేదు.”

కంప్యూటర్లు బాగుచేయడమే నా పని. షట్టరు దించి బస్సెక్కాను.

ఆ కంప్యూటరులో ఉన్నది లినక్స్, విండోస్ లాంటిదే. నేర్చుకునే ఆడవాళ్లకు తలా ఒక లాగిన్, గంటకొకరి వంతు, అక్కది పది గంటలకు. వంతు కాగానే లాగౌట్ చేసి లేవాలి. ఏ ఒక్కరూ చేయరు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి, అట్లాగే తెరకు తాళం వేసి, లాగిన్ తెరిచే ఉంచి, వరండాలో కూర్చుని శనక్కాయలు వలుచుకుంటారు. మళ్లీ వస్తే ఎక్కడ వదిలారో అక్కడ తమ పని తమకుండాలి.

నిజానికి అది పెద్ద తప్పేమీ కాదు. ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్లకే శబ్దం ఇచ్చి, లేచిపోయినవాళ్ల దగ్గర వెనక్కి తీసుకునే ఏర్పాటు లినక్స్‌లో ఉంది. కానీ కిందటి వారం, ఎవరికో పాట వినపడలేదని గొడవ జరిగితే, నేర్పే టీచరమ్మ శబ్దం వాడుకునే హక్కున్న జాబితా ఒకటి తెరిచి అందులో అందరి పేర్లూ ఎక్కించింది. ఆ జాబితాలో పేరుంటే లేచిపోయినా హక్కు పోదు. పొద్దున్నే మొదట కూర్చున్నామె శబ్దాన్ని పట్టుకుందంటే, ఆమె వరండాలో ఉన్నా అది ఆమెదే. సి.బెళగల్ దగ్గరి పల్లె నుంచి అక్క ఎక్కే బస్సు వచ్చేసరికి ఎవరో ఒకరు ముందే కూర్చుని లేచి ఉంటారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు.

మందు చిన్నదే. ఆ జాబితాలోంచి అందరి పేర్లూ తీసేయాలి. ఆ మాటే అందరికీ వినపడేలా గట్టిగా చెప్పాను.

గదిలో ఉన్న ఆడవాళ్లలో అందరికంటే పెద్దామె లేచి నా దగ్గరికి వచ్చింది.

“పేర్లు ఏంటికి తీస్తావప్పా?”

“తీస్తేనే అందరికీ వినపడతాదమ్మా.”

“బియ్యం కార్డులో మా కోడలి పేరు గూడా ఇట్లే సెప్పి తీసినారు. తీస్తేనే కొత్త కార్డు వస్తాదన్నారు. ఆ కార్డూ రాలా, ఉన్న పేరూ పాయ. నా పేరు మాత్రం ముట్టుకోవద్దు.”

మిగతావాళ్లూ ఆమె వెనకే నిలబడ్డారు. నేను శబ్దం గురించి చెప్పినకొద్దీ వాళ్లకు బియ్యం కార్డే కనిపించింది. వాళ్లు ఒప్పుకోకుండా తీయలేనని టీచరమ్మ చేతులెత్తేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. ఒళ్లు మండిపోయింది.

అక్కను వరండా చివరికి తీసుకుపోయి చెప్పాను. వాళ్లతో పనిలేదు, చడీచప్పుడు లేకుండా తీసేస్తాను, వినపడితే వాళ్లే ఊరుకుంటారు అన్నాను. అక్క నా చెయ్యి వదిలేసింది.

“నా పింఛన్లో పేరు తీసేటప్పుడు నాకు ఎవురన్నా సెప్పినారా? బ్యాంకు కాడ పోయి నిలబడితే గదా తెలిసింది. నాకు సేసిందే నువ్వు వాళ్లకు సేస్తావా?”

ముందు కూర్చున్నామెను తనే అడిగి లాగౌట్ చేయించుకుంటానంది.

అట్లా రోజూ అడగడం మొదలైంది. గోడ పట్టుకుని వరండాలోకి వచ్చి, ఈ పొద్దు ముందు కూర్చున్నది ఎవరమ్మా, కొంచెం వచ్చి పోతావా అని. మొదట్లో వెంటనే లేచేవాళ్లు. తర్వాత తర్వాత “ఉండక్కా, వస్తా” అనేవాళ్లు. ఆమె గంటలో సగం అక్కడే గడిచిపోయేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, రోజూ అడిగితే అమ్మయినా విసుక్కుంటుంది. వాళ్లు చెడ్డవాళ్లని ఇప్పటికీ అనలేను.

సంఘం పెద్దలు అక్క టైపు చూడటానికి వచ్చిన రోజు, ముందు కూర్చున్నామె లాగిన్ తెరిచే ఉంచి పెళ్లికి పోయింది. టీచరమ్మ సెలవులో ఉంది. మిషను ఆపితే ఆమె పని పోతుందని ఎవరూ ముట్టుకోలేదు. పెద్దలను నిలబెట్టలేక, అక్క ఆ మూగ మిషను ముందే కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు కొట్టింది. మొదటి మాట దగ్గరే వేళ్లు ఒక కీ పక్కకు జరిగాయి. ఆమెకు తెలియలేదు. పేజీ చివరిదాకా ఆగకుండా కొట్టింది, అందులో చదవడానికి ఒక్క మాట లేదు. పెద్దలు ఆ పేజీ చూసి వెళ్లిపోయారు. మళ్లీ పిలవలేదు.

ఆ తర్వాత అక్క నన్ను ఎమ్మిగనూరు రమ్మంది. గదిలో అందరూ ఉన్నారు.

“నా పేరు తీసేయప్పా. శబ్దం కాడ ఒకటే కాదు, మిషన్లోనే లేకుండా తీసేయ్. అందురూ ఉండారు గదా, వాళ్ల ముందరే తీయి.”

వద్దక్కా అన్నాను. వినలేదు. తన పేరు తన నోటితో తీయించుకోవడానికి అంత దూరం బస్సులో వచ్చిన మనిషిని ఇంకేమని ఆపను? తీసేశాను. కళ్లలో నీళ్లు తిరిగి తెర సరిగా కనపడలేదు.

అక్క చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం వైపు నడిచింది. వెనక నుంచి ఆ పెద్దామె టీచరమ్మను మెల్లగా అడిగింది.

“అయితే పది గంటల వంతు ఇంక ఎవురికిస్తావమ్మా?”

అక్క అప్పటికింకా గుమ్మం దాటలేదు.