ముందు కుట్టు, తర్వాత కత్తెర

మా ఇంట్లో పుట్టిన బిడ్డను కొత్త గుడ్డ మీద పడుకోబెట్టరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడ్డ చీరతో కుట్టిన బొంత మీదే వెయ్యాలి. మనవరాలికి నెలలు నిండుతుంటే, పెట్టెలో దాచిన మా అత్తగారి ఎర్ర నూలు చీర తీశాను. కొంగు వైపు తప్ప మిగతాదంతా చివికిపోయింది. ఉన్న మంచి గుడ్డతో బొంత నడిమధ్యన నక్షత్రంలాగా ఒక చుక్క పెడదామనుకున్నాను. మధ్యలో ఎర్ర చదరం, చుట్టూ ఎనిమిది ఎర్ర మొనలు, మిగతా చోటంతా తెల్ల పంచె గుడ్డ.

మూడు మూలల ముక్కలు కోసి ఒకదానికొకటి కలిపి కుట్టాను. చుక్క పూరీలా ఉబ్బింది. విప్పి మళ్ళీ కుట్టాను. ఈసారి మొనలు వంకర పోయాయి, అంచులు పీచులు లేచి ఆ ముక్కలు దేనికీ పనికిరాకుండా అయ్యాయి. మిగిలిన గుడ్డ ఇంకొక్క చుక్కకే వస్తుంది. అదీ చెడితే మా అత్త చీర ఆ బిడ్డ కింద ఉండదు.

మా తోడికోడలు ఊరి ఆ చివరనున్న మనలి నుంచి వచ్చింది అప్పుడే. మా చింతాద్రిపేటకు బస్సులుండగా ఆటోలో వచ్చే మనిషి. దండగ చెయ్యడంలో ఆమెను మించినవాళ్ళు మా వంశంలో లేరు. చెడిన చుక్కను చేతిలోకి తీసుకుని అంచు పట్టి లాగింది.

“అక్కా, రవిక గుడ్డ క్రాసులో, ఏటవాలుగా ఎందుకు కోస్తారు?”

“సాగేదానికి.”

“నువ్వు దీన్ని కూడా క్రాసులోనే కోసినావు, సాగింది. రవిక అయితే ఒంటికి పట్టుకుంటుంది. బొంతకు ఒళ్ళెక్కడిదక్కా?”

నేనూ అంచు పట్టి లాగి చూశాను.

“మూడు మూలలు కోసేదే వద్దు. అన్నీ చదరాలు, పొడుగు ముక్కలే కొయ్యి. ముందు కుట్టు, తర్వాత కత్తెర,” అంది.

పాత దిండు గలీబు ముక్కలతో చేసి చూపించింది. తెల్ల పొడుగు ముక్క మీద ఒక కొసన రంగు చదరం పెట్టి, మూల నుంచి మూలకు సబ్బుముక్కతో గీత గీసింది. గీత మీదే మిషను నడిపింది. బయటి మూల కత్తిరించి రంగు గుడ్డను వెనక్కి మడిచింది. మొన సూటిగా నిలబడింది. ఎక్కడా సాగలేదు. రెండో కొసన కూడా అట్లాగే. పిల్లలు కూడా చెయ్యగలిగినంత సులువు.

కింద పడిన మూలను నేను ఏరుకున్నాను.

“ఏమే, చుక్కకు ఎనిమిది మూలలు నేలపాలు. నీకు బాగానే ఉంటుంది.”

“నువ్వు ఇది అడగకుండా ఉంటావా?” అని నవ్వి, మరో ముక్క మిషను కింద పెట్టింది. గీత మీద కుట్టాక ఆగలేదు. మూల వైపు వేలి వెడల్పు దూరంలో ఇంకో కుట్టు వేసింది. రెండు కుట్ల మధ్యన కత్తిరించింది. ఇటు మొన. అటు రాలిన ముక్కను విప్పితే సగం తెలుపు, సగం రంగు ఉన్న చిన్న చదరం.

“ఇది కుట్టే ఉంది. ఇంక పారేసేదానికి ఏముంది?”

దండగ మనిషి అనుకున్నదానికి నా పిసినారితనాన్ని కూడా లెక్కలో వేసుకుని కుట్టే తెలివి ఉంది.

అత్త చీర తెచ్చి ముందర పెట్టాను. మొద్దు చేస్తారని నా కత్తెర కన్నకొడుకులకు కూడా ఇవ్వను. పిడి వైపు తిప్పి ఆమె చేతికిచ్చాను.

“వద్దక్కా, అత్త చీర. నా చేతిలో చెడితే?”

“చెడితే చెడనీ. కొయ్యి.”

కోసింది. సాయంత్రానికి చుక్క నేల మీద గచ్చు పరిచినట్టు పడుకుంది. ఎనిమిది చిన్న చదరాలను కలిపి ఆవాల దిండుకు గలీబు కుట్టాను. బిడ్డ తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండే ఉండాలి. ఆమె బయలుదేరేటప్పుడు ఆటో పిలిచింది నేనే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున మనవరాలు బిడ్డను చుక్క మీద పడుకోబెట్టి, దిండు నిమిరి చూసింది.

“ఈ గుడ్డ ఎక్కడ కొన్నావవ్వా?”

“కొనలేదు. మీ చిన్నవ్వ పారెయ్యనియ్యలేదు.”