రెండోసారి ఛాతీ తెరిచే ముందు

రిటైరవడానికి మూడేళ్ల ముందు నేను జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో సీనియర్ పెర్ఫ్యూజనిస్టుని. ఆపరేషన్‌లో గుండె ఆపినంతసేపూ దాని పని చేసే యంత్రాన్ని నడపడం నా ఉద్యోగం. జీతంలేని కొలువు ఇంకొకటి ఉండేది: సర్జన్ మాట తెలుగు రోగులకు తెలుగులో చెప్పడం.

ఆ వర్షాకాలంలో ఊరి శివారు పర్సుడీహ్ నుంచి అప్పలనరసమ్మ వచ్చి చేరింది. భర్త కాంట్రాక్టు పనివాడు. పన్నెండేళ్ల కిందట గుండెలో పెట్టిన లోహపు వాల్వ్ చుట్టూ కండ పెరిగి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వాల్వ్ మళ్లీ మార్చాలి. అందుకు ముందు రక్తం పలచబరిచే మాత్ర ఆపి, బదులు ఇంజెక్షన్లు ఇస్తారు. ఆపించినా ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే అంకె, దిగలేదు. కాలేయం చెడిందేమోనని అనుమానించి ఆపరేషన్ వాయిదా వేశాం.

ఆ రోజే సర్జన్ అంగీకార పత్రం వివరించమన్నారు. ఆవిడ బెదిరిన చూపు చూసి నాకు ఉన్నమాట చెప్పబుద్ధి కాలేదు. "ఏటీ అవదమ్మా, మొదటిసారి లాగే" అనేశాను. ఆవిడ నవ్వింది. అది సర్జన్ కంటపడింది. ఈ అపాయం విన్న మనిషి నవ్వదు, మళ్లీ చెప్పు అని హిందీలో కసిరారు.

సిగ్గుపడ్డాను. మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. పాత గాయం మానేటప్పుడు గుండె ఛాతీ ఎముకకు అంటుకుపోతుంది. ఎముక కోసే రంపం గుండెకే తగలొచ్చు. రక్తం ఆగకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే ముందుగానే తొడ దగ్గర రక్తనాళాలు బయటికి తీసి, నా యంత్రాన్ని సిద్ధంగా ఉంచుతాం.

 ఆవిడ నడుముకు దోపుకున్న గుడ్డసంచి తీసి, అందులోంచి మాత్రల అట్ట చూపించింది.

"బాబూ, రగతం ఆగదంటన్నారు గదా. మరి ఈ మాత్ర నాను రోజూ ఏసుకుంటన్నాను. నర్సమ్మ ఇయ్యడం మర్సిపోయిందేటో అనుకున్నాను. ఒక్క పూటా మానొద్దని మొదటి ఆపరేసనప్పుడు డాక్టరుబాబు ఒట్టేయించుకున్నాడు."

ఆడిన మాట తప్పని మనిషి మా పరీక్షలన్నిటినీ తప్పుదారి పట్టించింది. ఆ మాత్రలు తీసుకుని, సంగతి సర్జన్‌కు చెప్పాను.

మాత్ర నిజంగా మానిన ఆరు రోజులకు ఐఎన్‌ఆర్ దిగింది. ఆపరేషన్‌లో రంపం నిజంగానే గుండెను గీరింది. రక్తం ఎగజిమ్మింది. తొడ నాళాల ద్వారా యంత్రం వెంటనే గుండె పని అందుకుంది. చివర్లో యంత్రం ఆపాక, కుట్ల దగ్గర రక్తం గడ్డకట్టి నిలిచింది. ఆ మాత్ర ఇంకా ఒంట్లో ఉంటే నిలిచేది కాదు.

ఆవిడ నడిచే ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత నేనెవరికీ "ఏటీ అవదు" అని చెప్పలేదు. నేను నిజం చెప్పాకే ఆవిడ నిజం చెప్పింది.