నాలుగున్నర గంటల లండన్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. లండన్‌లో ఉన్న అక్కకు నెలలు నిండుతున్నాయి. పురుడు పొయ్యడానికి అమ్మ వెళ్లాలి. ఒక్కతే విమానం ఎక్కనంది కాబట్టి తోడు నేను. బెజవాడ వన్ టౌన్‌లో ట్రావెల్స్ ఆయన టిక్కెట్లు ఇవ్వగానే అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. బొంబాయిలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కితే లండన్‌లో సాయంత్రం ఐదున్నరకు దిగుతాం.

"నాలుగున్నర గంటలేగా! హైదరాబాదు బస్సే ఆరు గంటలు పడుతుంది" అని సంబరపడిపోయింది.

ఏడువేల కిలోమీటర్ల పైచిలుకు దూరమనీ, దగ్గరదగ్గర పది గంటలు పడుతుందనీ, అక్కడి గడియారం వేరనీ భవానీపురం చేరేదాకా ఆటోలో మొత్తుకున్నాను. ఇంటికొచ్చి బత్తాయికాయ మీద టార్చిలైటు వేసి మరీ చూపించాను. అమ్మ అంతా శ్రద్ధగా విని, ఆ బత్తాయి ఒలిచి నా చేతిలో పెట్టింది.

నా ఖర్మ కొద్దీ ప్రయాణం కార్తీక సోమవారం పడింది. పగలంతా ఉపవాసం, చుక్కను చూశాకే ముద్ద. ఆవిడకేమో షుగరు. ఈ ఒక్క వారం మానెయ్యవే అని కాళ్లావేళ్లా పడ్డాను. ఐదున్నరకు దిగి, ఆరింటికి చుక్కను చూసి తింటానంది. పైగా పొద్దున షుగరు మాత్ర మానకుండా వేసుకుందని విమానం ఎక్కాక తీరుబడిగా చెప్పింది. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే షుగరు పడిపోతుందని నా భయం.

అమ్మ చేతి గడియారం మన టైములోనే ఉంది. ఐదున్నర అయింది. ఇంకా దిగలేదేమిటని అడిగింది. ఆరున్నర అయింది. బెజవాడలో ఈపాటికి దీపాలు పెట్టుకుని భోజనాలకు కూర్చుని ఉంటారు. మేం పడమటికి పోతున్నాం కదా, సూర్యుడు మమ్మల్ని వదిలితేగా! ఎయిర్ హోస్టెస్ రెండుసార్లు ట్రే తెచ్చింది. అమ్మ వద్దంది. నాకు ఒళ్లు మండి, నువ్వు తినేదాకా నేనూ తిననని రెండుసార్లూ నాదీ వెనక్కి పంపేశాను.

ఏడున్నరకు అమ్మ చేతులు వణకడం మొదలైంది. నుదుటి మీద చెమట. పళ్లరసం నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. కోపం పోయి భయం పట్టుకుంది నాకు. అప్పుడే కిటికీలోంచి, మసకవెలుతురులో రెక్క చివర దీపం తళుక్కుమంది.

"అదిగోమ్మా, చుక్క" అన్నాను.

అమ్మ చాలాసేపు చూసి దణ్ణం పెట్టుకుంది. సంచిలోంచి పులిహోర డబ్బా తీసింది. మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, రెండోది తను తింది. కాసేపటికి వణుకు తగ్గింది.

వ్రతం చెడగొట్టానన్న బాధ చాలా ఏళ్లు నాలోనే దాచుకున్నాను. ఒక కార్తీక సోమవారం భవానీపురంలో డాబా మీద చుక్క కోసం చూస్తున్నప్పుడు, ఉండబట్టలేక అమ్మతో చెప్పేశాను. ఆవిడ ఆకాశం మీంచి చూపు తిప్పలేదు.

"రెక్క మీది దీపమని నాకు తెలియదట్రా? నువ్వు రెండుసార్లు అన్నం తిప్పి పంపావు" అంది.