కుడితి తొట్టిలో జిల్లా సెలక్షన్

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడిమిట్లో, మా బోధన్ చుట్టుపక్కల పిల్లాడు డిగ్రీ తప్పితే ఏం చెయ్యాలో వాడికంటే ముందు ఊరికే తెలిసేది. చెరుకు తోటకు పోవాలి, లేదా దుబాయికి పోవాలి. నీళ్ల మీద తేలుతూ పోయే మూడో దారి ఒకటుందని కనిపెట్టిన ఘనత మా బావది. మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. కానిస్టేబులు కావాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. రెండుసార్లు పోయి రెండుసార్లూ ఒక్క అంగుళంలో తప్పిపోయాడు (ఆ అంగుళం ఛాతీలోనా, లెక్కల పేపర్లోనా అని ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లం కాదు). ఆ ఏడూ తప్పితే వయసు దాటిపోతుంది. ఆటల సర్టిఫికెట్ ఉంటే కొంచెం మొగ్గు చూపుతారని ఎవరో చెవినవేశారు. కబడ్డీకి పోతే వరుస మైదానం దాటి రోడ్డెక్కి ఉంది. అందుకని జిల్లాలో ఎవరూ ఆడని ఆట కోసం బయలుదేరాడు. తోడుగా నేను. నాకు వేరే పని లేదు.

నిజామాబాద్‌లో సెలక్షన్లు చూసుకునే పెద్దాయనను అందరూ డ్రిల్లు సారనేవాళ్లు. ఆయన కాగితాలు తిరగేసి, "ఒకటున్నది. ఇద్దరు కూసోని తెడ్లతోని నడిపే పడవ. బండల నడుమ ఉరికే నీళ్లల్ల నడపాలె. మన జిల్లాకెంచి ఒక్క జోడి గూడ రాలే" అన్నాడు. బావ ముఖం లైటు వేసినట్టు వెలిగింది. "ఒక్కలు గూడ రాలేదంటే ఏదో కారణముంటది బావా" అన్నాను నేను. "కారణం పెద్దదేం గాదు," అన్నాడు సారు, "జిల్లాల పడవ లేదు." వచ్చే ఆదివారం మంజీర ఒడ్డుకు పడవతో వస్తే, ఎగువ బండల నుంచి దిగువ రేవు దాకా ఇద్దరూ పడిపోకుండా వస్తే, పేర్లు రాష్ట్రానికి పంపుతానని మాటిచ్చాడు. ఈత వచ్చా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

బావ జాలరుల పడవలన్నీ చూశాడు. అన్నీ వెడల్పుగా, బరువుగా, గౌరవంగా ఉన్నాయి. సారు చెప్పిన పడవ రెండు కొసలా సన్నగా, లోపల రెండు సీట్లతో ఉండాలి. నాలుగో రోజు నవీపేట్ దగ్గర ఒక పల్లెలో దాహమేసి ఓ ఇంటి ముందు ఆగాం. పందిరి కింద ఒక బర్రె తన్మయత్వంతో కుడితి తాగుతోంది. అది తాగుతున్న తొట్టికి రెండు కొసలూ సన్నగా ఉన్నాయి. లోపల రెండు సీట్లున్నాయి. బావ నీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆ ఇంటి అవ్వను అడిగితే, "ఎనుకట పట్నపోళ్లెవరో గోదారిల పడవ సైరుకొచ్చి, అది పలిగితే ఈడ్నే ఇడిశిపెట్టి పోయిండ్రు బిడ్డా. మా ముసలాయన తారు పూసి అతికిచ్చిండు. గంతే, అప్పటికెంచి మా బర్రెదే" అంది.

"అవ్వా, గది మాకు ఒక్క దినం కావాలె. నా నౌకరీ దాంట్లనే ఉన్నది" అన్నాడు బావ.

అవ్వ తొట్టిలోకి తొంగి చూసింది. "దీంట్లనా? నాకేం కనవడ్తలేదు."

"అడుగున ఉంటది, కుడితి ఖాళీ అయితే కనవడ్తది" అన్నాను. బావ నా కాలు తొక్కాడు.

చివరికి అవ్వ ఒప్పుకుంది. బర్రె వేరే దాంట్లో మూతి పెట్టదు కనుక పొద్దుగూకే వేళకు తొట్టి తిరిగి రావాలి. మామీద నమ్మకం లేదు కనుక తనూ వస్తుంది. ఆ ఆదివారం చెరుకు ట్రాలీ మీద పడవ, పడవలో అవ్వ, ఆమె పక్కన రెండు తెడ్లు. (తెడ్లు మా ఇంటివే. బెల్లం వండేటప్పుడు పెనంలో పాకం కలిపే పొడుగు కర్రలు.) బోధన్ చౌరస్తాలో ఎవరో "అవ్వా, గంగ యాడున్నది, నువ్వు యాడున్నవ్?" అని అరిస్తే, అవ్వ తల తిప్పకుండా "అక్కడికే వోతున్న, జర ఆగు" అంది.

ఒడ్డున ముందు ఎవరు కూర్చోవాలని పంచాయితీ. "పెద్దోన్ని, ముందల నేనే" అన్నాడు బావ. "కూసో బావా, బండలు గూడ ముందల్నే ఉంటయి" అన్నాను. డ్రిల్లు సారు విజిలు ఊదాడు. ఇద్దరం తెడ్లు ముంచాం. పడవ గిర్రున తిరిగింది. ఇంకా గట్టిగా వేశాం, ఇంకా గట్టిగా తిరిగింది. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. బెల్లం పెనం దగ్గర ఎంతమంది నిలబడ్డా అందరూ ఒకే వైపుకు తిప్పాలి, ఎవడైనా ఎదురు తిప్పితే మరిగే పాకం మీదికి ఎగురుతుంది. చిన్నప్పటి నుంచి ఆ తెడ్లతో మా చేతులకు తెలిసిన విద్య అదొక్కటే. ఇద్దరం కుడివైపే ముంచి, మంజీరను శ్రద్ధగా కలుపుతున్నాం. "అరే, ముందుకు రావాలె, సుట్టూ తిర్గుడు గాదు!" అని సారు మొత్తుకుంటుండగా పడవ బండకు అడ్డంగా తగిలి మమ్మల్ని ఒలకబోసింది.

నడుంలోతు నీళ్లలోకి దూకి తొట్టిని పట్టుకున్నది అవ్వ. మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. బావ బండ మీద కూర్చుని, "ఖతం బామ్మర్ది. గీ ఏడు గూడ పాయె" అన్నాడు. నా నోటి దాకా ఒక మాట వచ్చింది గాని, ఆయన ముఖం మీద కారుతున్నవన్నీ మంజీర నీళ్లు కావనిపించి మింగేశాను.

"ఓరి మీ పాడుగాను," అంది అవ్వ కొంగు పిండుకుంటూ, "రెండెద్దుల్ని ఒక్క దిక్కే కట్టి బండి తోల్తరార ఎవలన్న? ఒకడు ఎలపట, ఒకడు దాపట. ఇద్దరు ఒక్కపారే అడుగెయ్యాలె. గింత సదివిండ్రు, గిది తెల్వదా?"

ఎలపటంటే కుడి, దాపటంటే ఎడమ. మా తాతలు పుట్టిన నాటి నుంచీ ఇంట్లో వినపడే మాటలే. సారు విజిలు వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు, "ఇంకొక్కసారి" అన్నాడు.

రెండోసారి బావ ఎలపటెద్దు, నేను దాపటెద్దు. ఒడ్డు వెంబడి నడుస్తూ అవ్వ "హో... హో" అని అదిలిస్తుంటే తెడ్లు రెండూ కలిసి పడ్డాయి. పడవ తిన్నగా ముందుకు సాగి, మొదటి బండను ఒరుసుకుని, రెండో దాని పక్క నుంచి జారి, తెల్లటి నురగలో సగం మునిగి, మళ్లీ తేలి దిగువ రేవుకు చేరింది. మా కడుపుల్లో సగం నీళ్లు, పడవలో సగం నీళ్లు, అయినా ఇద్దరం కూర్చునే ఉన్నాం. సారు తడి కాగితం మీద మా పేర్లు రాశాడు. పొద్దుగూకేలోపే తొట్టి పందిరి కిందికి చేరింది.

రాష్ట్ర పోటీల్లో మా వెనక ఎవరూ రాలేదు, అంతవరకు చెబితే చాలు. బావ మాత్రం ఆ ఏడే కానిస్టేబులయ్యాడు. పడవ వల్లేనని ఆయన అంటాడు. పరుగులో ముందొచ్చాడు కాబట్టేనని నేనంటాను. ఎవరి మాట నిజమో తేల్చుకునే తొందర ఇద్దరికీ లేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది అప్పటి నాలోని ఆ ఇరవయ్యేళ్ల వాడి మీద. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఒక మాట విసిరి తర్వాత చూసేవాడు. అలాంటివాడు ఎగువ బండల నుంచి దిగువ రేవు దాకా నోరు మెదపలేదు. ముందు కూర్చున్న మనిషి వీపునే చూస్తూ, ఆయన తెడ్డు పడ్డప్పుడల్లా తన తెడ్డు వేస్తూ, ఈయన గెలవాలి, ఈయన గెలవాలి అనుకుంటూ వచ్చాడు. ఈ సంగతి బావకు నేనింకా చెప్పలేదు.