దూలం కింద పీట

నా పేరు రాజవ్వ. డెబ్బై దాటినదాన్ని. సూరత్ డిండోలిలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. చదువు రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా మరిది పోయాడని దవాఖానా నుంచి ఫోన్ వచ్చి నెల కాలేదు. కరోనా కదా, ఆఖరి చూపు కూడా దక్కలేదు. మన వాడకట్టు వాళ్లారా, ఆయన గురించి నాలుగు మాటలు, ఆయన గది గురించి ఒక మాట వినండి.

మరిది సాంచెల మీద, అదే కరెంటు మగ్గాల మీద, పనిచేసేవాడు. ఆ మోతకు మా అందరి చెవులూ మొద్దుబారాయి. ఆయన మాత్రం నూలు పోగులు ఉండచుట్టి చెవుల్లో పెట్టుకునేవాడు. మేం నవ్వితే, "చేతులు సేఠ్‌వి, చెవులు నావి" అనేవాడు. పని దిగాక మా ఇంటి పైన రేకుల గదిలో పాటలు రికార్డు చేసేవాడు.

కరోనా మొదలైన ఏడు బతుకమ్మ ఆడనివ్వలేదు. అప్పుడు వాడకట్టు ఆడవాళ్లను ఒక్కొక్కరినే పైకి పిలిచి పాడించాడు. అన్ని గొంతులూ కలిపి ఒకే పాట చెయ్యాలని ఆయన పట్టుదల. కలిసింది లేనిదీ వినడానికి రెండు స్పీకర్ పెట్టెలు తెచ్చాడు. ఆ గది కప్పు రెండు పక్కలా వాలుగా దిగుతుంది, నడుమ దూలం. ముందు పెట్టెలను ఒక వాలు కింద పెట్టి చూశాడు.

"ఒక దిక్కు గొంతు నీళ్ల గాబుల తలపెట్టి మాట్లాడినట్టున్నది వదినా," అన్నాడు.

జరిపాడు, మళ్లీ జరిపాడు. చివరికి పెట్టెలను అటు చివర గోడ దగ్గర, రెండు వాలులకూ సమాన దూరంలో నిలిపి, చుట్టూ ముగ్గుపిండితో గీతలు గీశాడు. వాలులకు పాత బొంతలు వేలాడదీశాడు. తన పీటను సరిగ్గా దూలం కింద వేసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "దూలం కింద కూసోకు మర్దీ, ఆయుష్షు తరుగుతది!"

"కప్పు రెండు దిక్కులా సమానంగ దిగేది ఈడనే వదినా. జర పక్కకు జరిగితే ఒకామె గొంతు లేస్తది, ఒకామెది మునుగుతది."

పాట పూర్తికాకముందే ఆయన పోయాడు. మిగిలింది పూర్తిచేసే పని మనవరాలికి వచ్చు. కానీ నిన్న నా కొడుకు అడ్డం తిరిగాడు.

"తెల్లారి టెంపో వస్తది. పెట్టెలు పంపిచ్చేస్తా. నా బిడ్డ ఆ దూలం కింద కూసునుడు నాకొద్దు."

"పాట ఏంగావాలెరా?"

"ఆయుష్షు తరుగుతదని నువ్వే అన్నవు గదనే అవ్వా!"

అన్నాను. లేదనను. కానీ మా మరిదిని తీసుకుపోయింది రోగం, దూలం కాదు. ఎదురింటి పెద్దమనిషి ఏ దూలం కింద కూర్చున్నాడని పోయాడు? ఆ పాటలో గొంతు కలిపిన ఆడవాళ్లలో కూడా కొందరు లేరిప్పుడు. వాళ్లు మళ్లీ మనతో కలిసి పాడేది ఆ ఒక్క పాటలోనే. అది పూర్తయ్యేదాకా ఆ గది కదపొద్దు. ఇదీ నా మాట.

ఈ పొద్దున టెంపో వచ్చి హారన్ కొట్టింది. నేను పైకెక్కి దూలం కింద పీట మీద కూర్చున్నాను. మనవరాలిని పాట పెట్టమన్నాను. కొడుకు వచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు.

"దూలానికి ఆయుష్షే కావాలంటే ముందుగాల నాది తినమను!" అన్నాను.

పాట నడుమ, నేను పాడిన చోట, రికార్డులోంచి ఇంకా కోసెయ్యకుండా మిగిలిన మరిది గొంతు వచ్చింది. "వదినా, జర మెల్లగ. పక్కామె గొంతుకు గూడ జాగ ఉంచు."

కొడుకు చెయ్యి పెట్టె మీదనే ఆగింది. కింద హారన్ మళ్లీ మోగింది. వాడు దిగలేదు.

"జర జరుగవ్వా," అన్నాడు.

జరిగాను. దూలం కింద ఆ ఒక్క పీట మీద ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. ఎదురుగా ముగ్గు గీతల్లో ఆ రెండు పెట్టెలు, పెట్టినవి పెట్టినట్టే.

రాజవ్వ వేలిముద్ర.

చూసినవాళ్లు: పక్కింటి లచ్చవ్వ, నా కొడుకు శ్రీనివాసు.