చీటీలో పట్టని అధ్యాయం

1988 జూన్‌లో నాకు హైదరాబాదు నాచారంలోని క్రైస్తవ సంఘానికి బదిలీ అయింది. అప్పటికే నేను డీకన్ హోదా దాటి ప్రెస్బిటర్‌ను, అంటే పూర్తి స్థాయి గురువునయ్యాను. డీకన్ ప్రసంగం చేయవచ్చు గానీ ప్రభు భోజన సంస్కారం జరిపించకూడదు. ప్రెస్బిటర్‌కు ఆ అధికారం ఉంటుంది, దానితోపాటు సంఘంలోని తగాదాలన్నీ వచ్చి నెత్తిన పడతాయి. ఉప్పల్, హబ్సిగూడల్లో ఉన్న మా వాళ్లు కూడా రేకుల కప్పున్న మా చర్చికే వచ్చేవారు. బెంచీల మీద పరిశోధన సంస్థల ఉద్యోగులు, చాపల మీద ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలు. ప్రసంగం మధ్యలో పక్క ఫ్యాక్టరీ సైరన్ మోగితే అది ఆగేదాకా నేనూ ఆగేవాణ్ణి. ఆ సందులో కొందరు పెద్దలు హాయిగా ఓ కునుకు తీసేవారు. అందరూ నన్ను అయ్యగారూ అని పిలిచేవారు. ఆ రోజులు, ఆ పిలుపు తలచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

కొత్త సంవత్సరం మొదటి రోజు ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానాలు తీయడం మా సంఘం ఆచారం. బైబిలులోని ఆశీర్వాద వచనాలను చిన్న అట్టముక్కల మీద అచ్చు వేయించి, స్టీలు పళ్లెంలో బోర్లించి, గురువు పట్టుకుని నిలబడతాడు. ఒక్కొక్కరూ వచ్చి, కళ్లు మూసుకుని ప్రార్థించి, ఒక చీటీ తీస్తారు. ఆ ఏడాదికి దేవుడు తనకు ఇచ్చిన మాట అదేనని నమ్మకం. ఆ చీటీల్లో గద్దింపులు ఉండవు. బైబిలులో వాటికేమీ కొదవ లేదు గానీ, పండగ పూట వాటిని అచ్చు వేయించే ధైర్యం ఏ కమిటీకీ లేదు.

ఆ తర్వాతి జనవరిలో కరుణమ్మ తీసిన చీటీలో, దేవుడు రోగాలన్నిటినీ కుదురుస్తాడన్న కీర్తన మాట వచ్చింది. వాళ్లది నల్గొండ వైపు. భర్త ఏసురత్నం నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. ఒక్కగానొక్క కూతురు నిర్మలకు మూర్ఛ జబ్బు. దవాఖానాలో రాసిచ్చిన గోలీ రోజూ పడాలి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున కరుణమ్మ సాక్ష్యం చెప్పుకుంటానని వచ్చింది. సాక్ష్యం అంటే పొందిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం. ముందు గురువు విని సరే అనాలి. తన బిడ్డకు నయమైందని, చీటీ వచ్చిన రోజే గోలీలు బంద్ చేశానని, ఇంతవరకూ ఒక్కసారీ ఫిట్స్ రాలేదని ఆమె పొంగిపోతూ చెప్పింది. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుందని రోగులను పరామర్శించడానికి ఆస్పత్రులకు వెళ్లినప్పుడు డాక్టర్ల నోట విన్నాను. వెంటనే మళ్లీ మొదలుపెట్టమన్నాను. అలా చేస్తే అవిశ్వాసం అవుతుందని ఆమె ఒప్పుకోలేదు.

"మీరు వట్టుకున్న పళ్లెంలకెల్లే గద అయ్యగారు తీసిన. గిప్పుడు మీరే నమ్మొద్దంటున్నరా?" అంది.

కసిరి పంపితే, ఆమెను నెత్తిన పెట్టుకునే ప్రార్థన గుంపులు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇక ఆ పిల్ల మన చేతిలో ఉండదు. సాక్ష్యం చెప్పనిస్తే, ఆ మాట విని ఇంకెంతమంది మందులు మానేస్తారో తెలియదు. సాయంత్రం ఇంటికి వస్తానని, ఏసురత్నాన్ని కూడా ఉండమనమని చెప్పి పంపాను.

నేను వెళ్లేసరికి అతను షిఫ్టు దిగి వచ్చి ఉన్నాడు. పిల్ల గడప మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. ఏ వచనాన్నీ ఒంటరిగా పట్టుకోవద్దని, పైన ఏముందో కింద ఏముందో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడాలని వేదాంత కళాశాలలో మాకు మొదట నేర్పారు. వాదన పెట్టుకోకుండా ఆ పనే చేద్దామనుకున్నాను. కీర్తన మొత్తం చదవమని ఏసురత్నాన్ని అడిగాను. అది మేలు పొందినవాడు ఆ మేలును మరిచిపోవద్దని తన ప్రాణానికి తానే చెప్పుకుంటున్న పాట అని, అందులో మందు మానమన్న ఆజ్ఞ ఎక్కడా లేదని మధ్యలో వివరించాను. కరుణమ్మ ముఖం తిప్పుకుని కూర్చుంది.

ఏసురత్నం అక్షరం మీద వేలు పెట్టి చదివే మనిషి. తండ్రి తన పిల్లల మీద జాలిపడినట్టే దేవుడు జాలిపడతాడన్న చోటికి వచ్చి ఆగిపోయాడు. తల వంచుకునే భార్యతో అన్నాడు:

"నేను ఆపలే. రోజు పొద్దుగాల బడికి తోల్కవోయేటప్పుడు గోలీ ఏస్తనే ఉన్న. నీకు జెప్తే నీ విశ్వాసం ఖరాబు జేసినట్టయితదని జెప్పలే."

పిల్ల రాయడం ఆపి మా వైపు చూసింది. నాకు మాత్రం పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. కరుణమ్మ ఇన్నాళ్లూ తనను పిచ్చిదాన్ని చేశావని భర్తను నిలదీసి, లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడినుంచే, అయితే దేవుడు ఏమీ చేయలేదా అని నన్ను అడిగింది. జవాబుగా నేను కీర్తనలో మిగిలిన భాగం చదివాను. మనిషి బతుకు గడ్డిపువ్వు లాంటిదని, గాలి తగిలితే ఉండదని అందులోనే ఉంది. రోగాలు కుదురుస్తాడని పాడిన నోరే ఈ మాటా పాడిందని, ఒకదాని కోసం రెండోది దాచలేదని చెప్పాను. ఆమె అడిగినదానికి అంతకుమించి తీర్పు చెప్పడం నా పని కాదనిపించింది. చెప్పాలనిపిస్తే ఇప్పటికీ సాక్ష్యం చెప్పుకోవచ్చని చెప్పి వచ్చేశాను.

ఆదివారం ఆమె నిజంగానే లేచి నిలబడింది.

"నేను గోలీలు బంద్ జేసిన. మా ఇంటాయన జెయ్యలే. గందుకే నా బిడ్డ మంచిగున్నది. దేవుడు నా చీటీల ఉన్నడనుకున్న. మా ఇంటాయన చేతిల గూడ ఉన్నడు. మీకొచ్చిన చీటీలు గూడ అధ్యాయమంత సదువుకోన్రి."

ఆరాధన అయ్యాక, బెంచీ మీద కూర్చునే ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, తానూ జనవరి నుంచి షుగర్ మాత్రలు ఆపేశానని, మళ్లీ వేసుకోవచ్చునా అండీ అని గొంతు తగ్గించి అడిగారు. ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపాను.

చీటీల ఆచారాన్ని నేను ఎత్తేయలేదు. ఏడాదికొకసారి తమ పేరిట ఒక మంచి మాట వినాలన్న ఆశను జనం దగ్గర్నుంచి లాక్కోవడం నాకిష్టం లేకపోయింది. పళ్లెం పట్టుకునే ముందు మాత్రం, ఆ అధ్యాయం ఇంటికెళ్లి మొత్తం చదవాలని చెప్పేవాణ్ణి. కొందరు చదివారు, చాలామంది చదవలేదు. చదవనివాళ్లు కూడా నా మాట నమ్ముతారు కనుక, పదవీ విరమణ దాకా ప్రతి ప్రసంగమూ రాసుకున్నాక ఒక ప్రశ్న వేసుకునేవాణ్ణి: దీన్ని పూర్తిగా నమ్మినవాళ్లు రేపు పొద్దున ఏం మానేస్తారు? జవాబు దొరికేదాకా వేదిక ఎక్కలేదు.