కండెలు చుట్టుకుంటూ అల్లిన వ్యాసం

రెండు వ్యాసాలూ ఒకే వాక్యంతో మొదలయ్యాయి: "మా వీధిలో మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదని అర్థం."

అది ఎమ్మిగనూరులో పాఠశాల విద్యార్థులకు జరిగిన వ్యాసరచన పోటీ. అంశం 'చేనేత నిలబడాలంటే'. దాన్ని వారం ముందే ప్రకటించారు. మొదట వచ్చినవారు ఆదోనిలో జరిగే తుది పోటీకి వెళ్తారు. కళాశాలలో వాదన పోటీలు గెలిచిన పేరుండటం వల్ల, పట్టా చేతికొచ్చిన ఏడాదే నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆదోని నుంచి పొద్దున్నే బస్సులో వెళ్లాను. నాతోపాటు దిద్దడానికి వచ్చినాయన పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు.

సగం కట్ట ఆయన, సగం కట్ట నేను పంచుకున్నాం. నేను చదువుతున్న కాగితంలోని మొదటి వాక్యం బాగుందని పైకి చదివాను. మాస్టారు కళ్లజోడు తీసి తన కట్టలోంచి ఒక కాగితం లాగారు.

"సూడమ్మా, ఇది గూడ అదే. ఒకే తల్లి పిల్లలున్నట్లున్నాయి!"

రెండింటినీ పక్కపక్కన పెట్టాం. మొదటి పుట అక్షరం పొల్లుపోకుండా ఒకటే. రెండో పుటలో అక్కడక్కడ మాట తేడా, అంతే. రాసిన అమ్మాయిలిద్దరూ ఒకే బడిలో పదో తరగతి. కూర్చున్నది మాత్రం వేర్వేరు గదుల్లో. చూసి రాయడానికి వీల్లేదు.

"అంటే ఎవరో రాసిచ్చినారు, ఇద్దరూ బట్టీ పట్టినారు. రెండూ కొట్టేసి, బడికి ఒక మాట రాసి పంపుదాం," అన్నారు మాస్టారు.

"ఇది గైడు వాక్యంలా లేదు కదా సార్?"

"అదే నేనూ అనేది. పదో తరగతి పిల్ల ఇట్లాంటి వాక్యం రాస్తాదా?"

వాక్యం బాగుండటమే దొంగతనానికి సాక్ష్యం అవుతుందా అన్నది నా ప్రశ్న. వాదనలో నేను నేర్చుకున్న మొదటి నియమం, ఆరోపించినవారే రుజువు చేయాలని. రెండోది, ఎదుటివారి మాట వినకుండా తీర్పు చెప్పరాదని. ఈ రెండూ చెప్పాను. మాస్టారు నవ్వి, "సరే లాయరమ్మా, పిలిపించు," అన్నారు.

ఫలితాల కోసం పిల్లలంతా ఇంకా వరండాలోనే ఉన్నారు. ఇద్దరూ వచ్చారు. ఒకమ్మాయి పొడుగ్గా ఉంది, రెండో అమ్మాయి పొట్టిగా, రెండు జడలతో ఉంది.

"ఎవరు రాసిచ్చినారమ్మా ఇది?" మాస్టారు సూటిగా అడిగారు.

"ఎవురూ రాసీలేదు సార్. మేమే సెప్పుకున్నాం," అంది పొడుగు అమ్మాయి.

"చెప్పుకోవడమేంది? రాసుకోలేదా?"

"బడి నుంచి పోతానే కండెలు సుట్టల్ల సార్. ఒక సెయ్యి రాట్నం మీద, ఒక సెయ్యి దారం మీద. ఇంగ కాగితం యాడ పట్టుకునేది?"

కండె అంటే, నేసేటప్పుడు పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు గొట్టం. మగ్గం మీద తండ్రి నేస్తుంటే, ఇంట్లో ఆడవాళ్లు వాటిని చుట్టి అందిస్తుంటారు. ఈ ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. రాట్నాలు రెండూ ఒకే అరుగు మీద వేసుకుంటారు. ఒకరు ఒక మాట అంటే రెండోవారు దానికి ఇంకో మాట కలుపుతారు. నచ్చితే ఇద్దరూ మళ్లీ మళ్లీ అనుకుని నోట పెట్టుకుంటారు. ఆ వారమంతా వ్యాసం అలా తయారైంది. ఇద్దరూ చేసినది ఇద్దరిదీ అనుకున్నారు. పోటీలో ఒక్కరిదే కావాలన్న ఆలోచన వాళ్లకు తట్టలేదు.

"నచ్చకపోతే?" అని నేను అడిగాను.

"తిట్టుకుంటాం మేడం," అంది జడల అమ్మాయి, ఏమాత్రం జంకకుండా.

"ఎక్కడ తిట్టుకున్నారు?"

"ఆకరి కాడ," అన్నారిద్దరూ ఒకేసారి.

"మా పిల్లోల్లు మగ్గం నేర్సుకోవల్ల అని ఇది రాసింటాది సూడండి," అంది పొడుగమ్మాయి, స్నేహితురాలిని చూపిస్తూ.

"నేర్సుకోకుంటే ఆ మగ్గం గుంతలో ఎవురు కూసుంటారే? మీ యన్నా? ఆయప్ప బెంగుళూరుకు పోయె."

"మా నాయన కూసున్నాడు గాబట్టే వద్దంటాండా. మోకాళ్లు సూసినావా ఆయనవి?"

"సాలు సాలు," అన్నారు మాస్టారు. "ఈడ పంచాయితీ పెట్టద్దండి, బయటికి పోండి."

అప్పుడు చివరి పుటలు తీశాం. అక్కడ రెండు వ్యాసాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

కొట్టివేత మాట మాస్టారే మానుకున్నారు. కానీ మార్కులెలా వేయడం? వాదన పోటీల్లో ఒక జట్టు వాదమంతా ఉమ్మడిదే, మేమూ కలిసే తయారుచేసేవాళ్లం, దాన్నెవరూ కాపీ అనలేదు. ఎవరి మార్కులు వారికి వచ్చేవి మాత్రం ఎదుటి జట్టుకు ఇచ్చిన జవాబును బట్టి. ఇక్కడా ఉమ్మడి భాగానికి సమానంగా వేసి, చివరి పుటతో తేల్చుదామన్నాను. "మరి శైలికి మార్కులు?" అని ఆయన కాసేపు పట్టుబట్టి, చివరకు ఒప్పుకున్నారు.

నాకు పొడుగమ్మాయి పక్షమే న్యాయమనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆమె తన మాట చెప్పి ఆగిపోయింది. జడల అమ్మాయి మాత్రం స్నేహితురాలి తండ్రి మోకాళ్ల సంగతిని తానే ఎత్తి, గుంత మగ్గం మార్చాలి గానీ నేతను మానరాదని జవాబు రాసింది. నాకు నచ్చిన పక్షానికి కాక, జవాబు చెప్పిన పుటకు మార్కులు వేశాను. మాస్టారూ అంతే వేశారు.

జడల అమ్మాయి మొదట వచ్చిందని ఫలితం చెప్పాక పొడుగమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అది ఏం రాసింది మేడం? సూపియ్యండి." చూపించాను. నిలబడే చదివింది.

"మోకాళ్ల మాట నాదే గదా!"

"నీదే. దానికి జవాబు ఆమెది."

కాగితం తిరిగి ఇచ్చి స్నేహితురాలి వైపు తిరిగింది. "సరేలేవే. ఇంగోటి అడుగుతా, ఆదోనికి పోయేలోపల దీనికి జవాబు ఎతుక్కో. నీకు కూతురు పుడితే దాన్ని గూడ గుంతలో కూసోబెడతావా?"

ఆదోనిలోనూ అంశం అదే, మళ్లీ కొత్తగా రాయాలి. ఒక అభ్యర్థిని ఎరిగి ఉన్నాను కనుక ఆ పోటీకి న్యాయనిర్ణేతగా ఉండనని ముందే చెప్పాను. అయినా ఆ రోజు చూడటానికి వెళ్లాను. పొడుగమ్మాయి కూడా తోడు వచ్చి, గేటు దగ్గర వేరుశనక్కాయలు వొలుచుకుంటూ కూర్చుని ఉంది.

జడల అమ్మాయి బయటికి రాగానే పొడుగమ్మాయి అడిగింది: "ఏం రాసినావే?"

"నువ్వు అడిగిండేదే రాసినా."

"జవాబు?"

"దొరకలే. దొరకలేదనే రాసినా."

పొడుగమ్మాయి చేతిలోని గింజల్లో సగం ఆమె చేతిలో పోసి, నావైపు చూసింది. "అట్ల రాస్తే మార్కులు వేస్తారా మేడం?"

వేయాలని నా అభిప్రాయం. అదే చెప్పాను. ఆ రోజు దిద్దుతున్నది నేను కాదని కూడా చెప్పాను.